గుడి మీటరూ, నా ఆటో డబ్బులూ

డీజిలు కొట్టించుకునేటప్పుడు నేను అంకెల వైపు చూడను. "సున్నా చూసుకోండి" అంటుంది బంకులో పనిచేసే ఆవిడ. సున్నా చూస్తే దాని తర్వాత వచ్చేవీ చూడాలి. అవి చూస్తే పొద్దున తిన్న ఇడ్లీ పైకొస్తుంది. అందుకని పక్కనున్న టీ కొట్టు వైపు తిరిగి నిలబడతాను. మూడొందలకి కొట్టమంటాను. టీ కొట్టాయన గ్లాసు కడిగేలోపు మూడొందలూ అయిపోతాయి.

తెనాలి నుంచి వేమూరుకి షేరాటో తోలబట్టి ఇరవై రెండేళ్ళయింది. అంతకు ముందు ఎనిమిదో తరగతి దాకా చదివాను. లెక్కల మాస్టారు నన్ను వదిలేశాడో, నేనే ఆయన్ని వదిలేశానో ఇప్పుడు గుర్తులేదు గాని, ఇద్దరం సుఖపడ్డాం. లెక్కలు రాకపోయినా నాకు లోటు లేదు. నా ఆటో ఎక్కేవాళ్ళలో సగం మంది పేపరు చదివేవాళ్ళే. లీటరు డీజిల్లో ఢిల్లీ వాళ్ళు తీసుకునేదెంత, మనవాళ్ళు తీసుకునేదెంత, రోడ్లు బాగుచేస్తామని చెప్పి పైన తీసుకునేదెంత అని రోజూ నాకు పాఠం చెబుతారు. ఆ పాఠం మధ్యలో ఆటో గుంటలో పడుతుంది, చెప్పేవాడి తల పైన కమ్మీకి తగులుతుంది. "అదిగో, రోడ్డు పన్ను వసూలైంది" అంటాను. నవ్వుతారు. దిగేటప్పుడు ఐదు రూపాయలు ఎక్కువడిగితే మాత్రం ఎవరూ నవ్వరు.

ఇలా ఏడాది పొడుగునా నా దగ్గర పిండిన దాంట్లోంచి ఏడాదికోసారి పదిహేను వేలు తీసి, దానికో ఫొటో అంటించి, మళ్ళీ నాకే ఇస్తారు. సొంత ఆటో సొంతంగా తోలుకునేవాళ్ళకి సాయమంట. ఇచ్చే రోజున మేం ఖాకీ చొక్కాలు ఇస్త్రీ చేయించుకుని, ఆటోలకి జెండాలు కట్టుకుని మీటింగుకి పోవాలి. పోయిరావడానికి డీజిలు మాదే. అక్కడ చప్పట్లు కొట్టే పనీ మాదే. అసహ్యమేస్తుంది. అయినా పోతాను. అసహ్యమేసిందని ఆటోకి ఇన్సూరెన్సు ఎవడూ ఊరికే కట్టడు గదా.

మా ఆవిడ గ్యాసుదీ ఇదే తంతు. ఏడాదికి మూడు బండలు ఉచితం అన్నారు. ఉచితమంటే ముందు మనం డబ్బులిచ్చి కొనుక్కోవాలి, తర్వాత వాళ్ళు బ్యాంకులో వేస్తారు. బండ మోసుకొచ్చినాయన పైన ముప్పై అడుగుతాడు, అది ఎవరూ వెయ్యరు. డబ్బులు పడ్డాయని మెసేజి వచ్చిందేమోనని మా ఆవిడ ఫోన్లో చూస్తూ ఉంటే పొయ్యి మీద పాలు పొంగిపోయాయి ఒకరోజు. "పోతే పోయాయిలే, పొంగింది ఉచిత గ్యాసు మీదే గదా" అన్నాను. ఆ పూట నాకు టీ లేదు.

నేను చెప్పబోయేది ఈ మధ్య జరిగిన సంగతి. ఈ ఏడు నా ఆటోకి ఇన్సూరెన్సూ, ఫిట్‌నెస్ కాగితమూ రెండూ ఒకే నెల్లో అయిపోతున్నాయి. ఈ రెండూ లేకుండా రోడ్డెక్కితే పోలీసులు ఆపి బండిని స్టేషన్లో పెట్టేస్తారు. ఆటో నిలబడితే ఇల్లు నిలబడదు. ఆ పదిహేను వేలొస్తే రెండూ కట్టేయొచ్చని ఆర్నెల్ల ముందు నుంచీ అనుకుంటున్నాం. వేరే దారి లేదు. మా ఆవిడ మెడలో ఉన్నదాన్ని అంతకు ముందే ఇంజను బోరు చేయించడానికి తాకట్టు పెట్టేశాం.

మా ఊరి సచివాలయం గోడ మీద జాబితా అంటించారు. అర్హులు ఒక కాగితం, అనర్హులు ఇంకో కాగితం. నా పేరు రెండో కాగితంలో ఉంది. లోపల కంప్యూటరు దగ్గర కూచునే అమ్మాయి మంచిదే, మా ఊరి కోడలు. నా నెంబరు కొట్టి చూసింది.

"కరెంటు ఎక్కువ కాల్చారు బాబాయ్. నెలకి మూడొందల యూనిట్లు దాటితే రాదు. మీది దాటింది."

"మా ఇంట్లో ఉన్నవి రెండు ఫ్యాన్లమ్మా. అందులో ఒకటి కర్రతో పొడిస్తేగాని తిరగదు."

"ఇంటిది బాగానే ఉంది. మీ ఆధార్ మీద ఇంకో మీటరుంది, ఈ ఏడే రెండూ కలిపి చూస్తున్నారు. అది నెలకి ఐదొందలు కాలుస్తోంది. మీకు ఇంకో ఇల్లుందా?"

"ఉంటే ఈ బెంచీ మీద ఎందుకు చెమటలు కారుస్తానమ్మా, అక్కడ ఏసీ వేసుకుని పడుకోనా?"

నిజంగానే అక్కడ ఏసీ ఉంది. ఒకటి కాదు, రెండు. ఆ సంగతి ఆ అమ్మాయి తెర ఇటు తిప్పేదాకా నాకు తట్టలేదు. సర్వీసు నెంబరు, దాని కింద అడ్రసు: కాలవ కట్ట, ప్రార్థనా మందిరం.

"ఇది మా గుడమ్మా" అన్నాను. మా పేటలో మేం చర్చిని గుడే అంటాం.

"అయితే అయుండొచ్చు గాని, మీ పేరు మీదుంది."

ఉండాలి మరి. నా చేతుల్తో నేనే పెట్టించుకున్నాను. మా నాన్న ఆ గుడికి పెద్దగా ఉండేవాడు. పెంకులు తీసి స్లాబు వేసిన రోజుల్లో కరెంటు కావాలంటే ఎవరో ఒకరి పేరుండాలన్నారు. మా నాన్న తన పేరిచ్చాడు. ఆయన పోయాక, బతికున్నవాళ్ళ పేరూ ఆధారూ కావాలని ఆఫీసు నుంచి కబురొచ్చింది. ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, "ఎవరిస్తారు" అని అడిగారు. నేను ఛాతీ విరుచుకుని లేచాను. శాలువా కప్పారు. చప్పట్లు కొట్టారు. ఆ శాలువా ఇప్పటికీ ఉంది, మా ఆవిడ దాన్ని ఇస్త్రీ బల్ల మీద పరిచింది. అప్పట్లో గుడిలో ఉన్నది నాలుగు ఫ్యాన్లు, రెండు ట్యూబులైట్లు. బిల్లు కానుకల పెట్టెలోంచి కట్టేస్తారు కాబట్టి నేనెప్పుడూ దాని మొహం చూడలేదు.

తర్వాత రిటైరైన హెడ్మాస్టారొకాయన తన తల్లిదండ్రుల జ్ఞాపకంగా రెండు ఏసీలు పెట్టించాడు. ఆయన మా పేటలోనే పుట్టాడు, ఇప్పుడు రేపల్లెలో ఇల్లు కట్టుకున్నాడు, ఆదివారం ఆదివారం కార్లో వస్తాడు. గుడి కమిటీకి సెక్రటరీ. ఏసీల కింద నల్లరాతి పలక మీద ఆయన పేరు, ఆయన చదివిన డిగ్రీలు, భార్య పేరు, కొడుకు పేరు చెక్కించారు. ఏసీలు సరే, బుధవారం ప్రార్థన కూటం, శుక్రవారం ఉపవాసం, ఆదివారం రెండు పూటలా తిరుగుతాయి. గుడి వెనకాల అయ్యగారి ఇంటికి కూడా వైరు ఇక్కణ్ణుంచే పోయింది. ఫ్రిజ్జు, గ్రైండరు, స్నానానికి గీజరు. ఇన్నేళ్ళుగా అయ్యగారి నీళ్ళు నా ఆధార్ మీద కాగుతున్నాయి.

"నెలాఖరు దాకా అర్జీ పెట్టుకోవచ్చు బాబాయ్" అంది ఆ అమ్మాయి. "మీటరు మీ పేరు మీంచి తీసేసినట్టు కాగితం తెస్తే పైకి పంపిస్తాను."

అంటే మూడు వారాలు. మూడు వారాల్లో ఆ మీటరుకి ఇంకొకరి పేరు దొరకాలి. ఎంతసేపు, ఒక్క ఆదివారం పని అనుకున్నాను.

అయ్యగారు అంతా విని బాధపడ్డారు. నిజంగానే బాధపడ్డారు, ఆయన మెత్తని మనిషి. "నా పేరు మీద పెట్టుకుందును బాబూ. కాని పాస్టర్లకి ప్రభుత్వం ఇచ్చే గౌరవ వేతనం ఉంది గదా, అది ఆగిపోద్ది. సంఘంలో పెడదాం" అన్నారు.

ఆదివారం ప్రార్థన అయ్యాక సంఘంలో పెట్టారు. ఏసీలు తిరుగుతున్నాయి, చల్లగా ఉంది. నేను లేచి సంగతి చెప్పాను. చెప్పడం అవగానే గుడంతా ఎవరి ఒళ్ళో బైబిలు వాళ్ళు సర్దుకోవడం మొదలుపెట్టారు.

కౌలు రైతొకాయన రైతు డబ్బులు పోతాయన్నాడు. నాట్లకి పోయే ఆవిడ పిల్లల బడి డబ్బులు పోతాయంది. తెనాలిలో కొట్లో గుమాస్తాగా చేసే అతను, తనకేం రాదు గాని వాళ్ళమ్మ పింఛను పోద్దన్నాడు. ఒకరికి పోయేది చెబుతుంటే పక్కవాళ్ళకి తమకి పోయేది గుర్తొస్తోంది. నలభై ఇళ్ళ సంఘంలో ప్రభుత్వం దగ్గర ఏదో ఒకటి రానివాళ్ళు లేరు. గుడి గంట కొట్టే మా మేనత్తయితే కూచున్న చోటు నుంచే చెప్పింది.

"ఒరే, నా పింఛను పోతే బీపీ మందులు నువ్వు కొంటావా? కొంటానంటే చెప్పు, ఇప్పుడే వేలిముద్రేస్తా."

నేను కొనలేను. ఆమెకి తెలుసు. అందరిలోకీ సూటిగా మాట్లాడింది ఆమే.

ఇక మిగిలింది హెడ్మాస్టారు. నిండు పెన్షను, రేపల్లెలో రెండంతస్తుల మేడ. ఏ జాబితాలోనూ ఉండడు, పోవడానికి ఆయనకేం లేదు. అందరూ ఆయన వైపు చూశారు. ఆయన ఏసీ వైపు చూశాడు.

"ఆధార్ ఎక్కడా ఇవ్వొద్దని మా అబ్బాయి చెప్పాడయ్యా. మోసాలు ఎక్కువయ్యాయి" అన్నాడు.

"పలక మీద పేరు ఎట్లాగూ ఉంది గదా మాస్టారూ, పక్కన పన్నెండంకెలు చెక్కిస్తే సరిపోయె" అన్నాను. కొంతమంది నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. ఆయన నవ్వలేదు. అంతటితో ఊరుకోవాల్సింది. నా నోరు ఊరుకోదు గదా. "పోనీండి, దేవుడి పేరు మీదే ఆధార్ తీయిద్దాం. ఫొటో దిగడానికి ఎప్పుడొస్తాడో అయ్యగారే చెప్పాలి" అన్నాను.

గుడి గుడంతా నవ్వింది. అయ్యగారు కూడా కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆ నవ్వులోనే హెడ్మాస్టారు వాచీ చూసుకుని లేచాడు. మిగతావాళ్ళూ లేచారు. పోబోయే ముందు అయ్యగారు నా ఇబ్బంది తొలగాలని ప్రార్థన చేశారు. చాలా బాగా చేశారు. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను. మీటరు మాత్రం నా పేరు మీదే ఉంది.

ఇంటికి నడుస్తుంటే మా ఆవిడ కాలవ గట్టు దాకా గబగబా నడిచింది. అక్కడ ఆగి, "నువ్వు నవ్వించకుండా ఉంటే ఎవరో ఒకరు సిగ్గుపడి చెయ్యెత్తేవాళ్ళు" అంది.

"నవ్వకపోతే చెయ్యెత్తుతారా?"

"నవ్వాక ఎందుకెత్తుతారు? సరదాగా అడిగావనుకున్నారు."

ఇరవై రెండేళ్ళుగా నేనన్న మాటలకి జవాబు చెప్పి గెలిచింది ఈమె ఒక్కతే.

మర్నాడు సోమవారం. బాపట్లలో కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకుంటారని పోయాను. జిల్లాలు మార్చినప్పుడు మా ఊరు బాపట్ల వైపు పడింది. పక్కనే ఉన్న తెనాలి వేరే జిల్లా అయింది, అంత దూరంలో ఉన్న బాపట్ల మా జిల్లా అయింది. ఐదొందల డీజిలు కాల్చి పోతే అక్కడ కాగితం మీద ముద్ర వేసి, "ఇది మీ సచివాలయానికే వస్తుంది" అన్నారు. వచ్చింది కూడా. బుధవారం ఆ అమ్మాయి దాన్ని నాకే చూపించింది. నేను రాసిందే, పైన ఒక నెంబరు ఎక్కువ.

తెనాలి స్టాండులో నాతో పాటు ఆటో పెట్టే ఒకాయన ఉన్నాడు. ముస్లిం, బుర్రిపాలెం వైపు తోలతాడు. ఆయన పేరు మొదటి కాగితంలోనే వచ్చింది. నా కథంతా విన్నాడు.

"ఏంటన్నా మీరు? మా మసీదు మీటరు కమిటీ పేరు మీద ఉంటది. కమిటీకి రిజిస్ట్రేషను కాగితం ఉంటే చాలు, ఎవరి ఆధారూ అక్కర్లేదు. మీకు కమిటీ లేదా?"

"ఉంది భాయ్. పదమూడు మంది. క్రిస్మస్‌కి స్టేజీ మీద కూచుంటారు."

"మరి కాగితం?"

అది నాకు తెలీదు. అయ్యగారిని అడిగితే, ఉందని చెప్పారు. ఎప్పుడో రిజిస్ట్రేషను చేయించారు, అది సెక్రటరీగారి దగ్గర ఉంటుందన్నారు. ఆ మధ్యాహ్నం వేమూరులో మనుషుల్ని దింపేసి, ఖాళీ ఆటోతోనే రేపల్లె పోయాను.

హెడ్మాస్టారు వరండాలో ఉయ్యాల బల్ల మీద కూచుని ఉన్నాడు. నన్ను మెట్టు మీద కూచోమన్నాడు. కాగితం ఉందన్నాడు, బీరువాలో ఉందన్నాడు, దాన్ని బయటికి తియ్యడం కుదరదన్నాడు.

"ఎందుకని మాస్టారూ?"

"అది చూపిస్తే ప్రతి ఏడూ రెన్యువల్ చేశారా అంటారు. చెయ్యలేదు. లెక్కలు చూపించమంటారు. ఎక్కడున్నాయి లెక్కలు? పైగా ఒక మనిషి పేరు మీదుంటే ఇంటి రేటు పడుద్ది. సంఘం పేరు మీదైతే వేరే రేటు. అందరికీ ఇబ్బంది. ఇవన్నీ నీకు తెలీవులే అబ్బాయ్, చదువుకోలేదు."

"నాకు ఆటో ఆగిపోద్దండి" అన్నాను. ఆ రోజు నేను ఒక్క జోకు కూడా వెయ్యలేదు. చేతులు కట్టుకుని చెప్పాను.

ఆయన లేచాడు. లోపలికి పోయి రెండొందల నోటు తెచ్చాడు. "ఇంత దూరం వచ్చావ్, డీజిలుకి ఉంచు" అన్నాడు.

తీసుకున్నాను. ఇది రాయకుండా దాటేద్దామనుకున్నాను గాని, తీసుకున్న మాట నిజం. చెయ్యి దానంతటదే ముందుకుపోయింది. ఏడాదికోసారి చెయ్యి చాపడం అలవాటైతే ఎవరి ముందు చాపుతున్నామో చూసుకోం. రేపల్లె నుంచి భట్టిప్రోలు దాకా ఆయన్ని తిట్టుకున్నాను, భట్టిప్రోలు నుంచి వేమూరు దాకా నన్ను తిట్టుకున్నాను. దారి సరిపోయింది.

వేమూరులో కరెంటాఫీసు ముందు ఆటో ఆపి లోపలికి పోయాను. ఫలానా సర్వీసు నా పేరు మీదుంది, నాకు వద్దు, తీసెయ్యండి అని అర్జీ రాశాను. అక్కడి ఉద్యోగి చదివి తలెత్తి చూశాడు.

"గుడిదా? తీసేస్తే మళ్ళీ కొత్తది పెట్టుకోవాలి. మీవాళ్ళకి చెప్పావా?"

"మూడు సార్లు చెప్పానండి. ప్రార్థన చేశారు."

ఆయనకి అర్థం కాలేదు. సంతకం పెట్టించుకున్నాడు, బాకీ లేదని చూసుకున్నాడు, శనివారం మనిషిని పంపుతానన్నాడు. సాయంత్రం పోయి అయ్యగారికి చెప్పాను. "శనివారం కరెంటు తీసేస్తారండి, నేనే రాసిచ్చాను" అన్నాను. ఆయన పెద్దగా నవ్వి, "నువ్వు భలేవాడివయ్యా" అని భుజం తట్టారు. ఇంకోసారి చెప్పాను. ఇంకోసారి నవ్వారు. నేను జీవితంలో చెప్పిన ఒక్క నిజం మాట ఎవరూ నమ్మలేదంటే, ఆ తప్పు నాదే.

శనివారం పదకొండింటికి లైన్‌మన్ నిచ్చెన వేసుకుని ఎక్కి, ఫ్యూజు పీకి, వైరు చుట్టి, మీటరు విప్పుకుని పోయాడు. అయ్యగారింట్లో గ్రైండరు సగం పిండితో ఆగింది.

ఆదివారం గుడికి పోవద్దని మా ఆవిడ అనలేదు. రమ్మనీ అనలేదు. తను ముందు నడిచింది. నేను వెనక పోయి చివర తలుపు దగ్గర కూచున్నాను. చాలా ఏళ్ళుగా మూసే ఉన్న కిటికీలు తెరవబోతే నాలుగు తెరుచుకున్నాయి, మిగతావి రంగు అంటుకుపోయి రాలేదు. ఉక్క. ఆడవాళ్ళు పాటల పుస్తకాలతో విసురుకుంటున్నారు. మైకు లేని అయ్యగారి గొంతు ఎంత చిన్నదో ఆ రోజే తెలిసింది, నాలుగో వరుస దాటి రాలేదు. వెనక ముసలమ్మలకి ఏమీ వినపడక, ఆయన వాక్యం చదువుతుండగానే వాళ్ళ పాట వాళ్ళు మొదలుపెట్టేశారు. ఆయన ఆగి, పాట అయ్యేదాకా నిలబడి, మళ్ళీ మొదట్నుంచీ చదివారు. హెడ్మాస్టారు తెల్లచొక్కా వీపుకి అంటుకుపోయింది. ఆయన నెత్తి మీద రెండు ఏసీలూ నోళ్ళు మూసుకుని ఉన్నాయి.

ఎవరూ నన్నేమీ అనలేదు. అంటే బాగుండేది. తిడితే తిరిగి తిట్టడం నాకు చాతనవును. బయటికొచ్చేటప్పుడు చెప్పుల దగ్గర నేను నిలబడితే, నా చుట్టూ ఉన్న చెప్పులు ఎవరూ తీసుకోలేదు. నేను కదిలాకే తీసుకున్నారు.

మంగళవారానికి రిజిస్ట్రేషను కాగితం దొరికింది. బుధవారం హెడ్మాస్టారే స్వయంగా కార్లో వేమూరు పోయి రెన్యువల్ రుసుము కట్టి, పాత లెక్కలు ఎలా రాశాడో రాసి, పదమూడు మంది చేత సంతకాలు పెట్టించాడు. శుక్రవారానికి కమిటీ పేరు మీద కొత్త మీటరు బిగించారు. అన్ని రోజులు నేను కాళ్ళరిగేలా తిరిగినా బీరువాలోంచి కదలని కాగితం, ఒక్క ఆదివారం చొక్కా తడిస్తే కదిలింది. నా ఆటో ఆగిపోవడం ఎవరికీ సమస్య కాలేదు. వాళ్ళ ఫ్యాను ఆగిపోవడం సమస్య అయింది.

మీటరు నా పేరు మీంచి తీసేసినట్టు కాగితాన్ని సచివాలయం అమ్మాయి పైకి పంపింది. ఇన్సూరెన్సు గడువు ఇంకో ఎనిమిది రోజులుండగా నా ఫోన్లో మెసేజి వచ్చింది. పదిహేను వేలు. ఆ రోజే ఇన్సూరెన్సు కట్టాను, తెనాలిలో ఫిట్‌నెస్‌కి ఆటో చూపించాను. లైటు మార్చాలన్నారు, మార్చాను. కాగితాలు వచ్చాయి. బండి రోడ్డు మీద ఉంది. అడిగింది జరిగింది కాబట్టి ఇక్కడితో సంతోషించాలి.

కాని పొద్దున ఐదున్నరకి మా పేట నుంచి పొలం పనులకి పోయే ఆడవాళ్ళు పధ్నాలుగు మంది నా ఆటోలో ఎక్కేవాళ్ళు. అది నాకు రోజూ ఖాయంగా ఉండే బేరం. వాళ్ళందరూ గుడివాళ్ళే. కరెంటు తీసేశాక సోమవారం నుంచి ఒక్కరూ ఎక్కలేదు. కాలవ మలుపు దగ్గర నిలబడతారు, నేను ఆపితే పైట సర్దుకుంటూ అటు తిరుగుతారు, వెనకొచ్చే వేరేవాడి ఆటో ఎక్కుతారు. కొత్త మీటరు వచ్చి గుడిలో చల్లగా అయ్యాక కూడా అంతే. అయ్యగారు పలకరిస్తారు, హెడ్మాస్టారు కూడా తలూపుతాడు. కూలికి పోయే ఆడవాళ్ళే మాట్లాడరు. వాళ్ళ లెక్కలో కరెంటు ఎవరి పేరు మీదుందన్నది కాదు. దేవుడింట్లో దీపం తీయించిన చెయ్యి నాది.

నెలన్నర ఖాళీ ఆటోతో మలుపు దాటాను. ఖాళీగా పోయినా డీజిలు కాలుతుంది, పన్ను పడుతుంది. ఆ పదిహేను వేలు నాకిచ్చి, అంతకంత మలుపు దగ్గర లాక్కున్నట్టయింది. ఈసారి లాక్కున్నది ప్రభుత్వం కూడా కాదు.

ఒకరోజు పొద్దున మలుపు దగ్గర ఆటో నెమ్మది చేశాను, అలవాటుకొద్దీ. ఆడవాళ్ళు అటు తిరిగారు. అప్పటికే ముందు వచ్చిన ఆటో నిండిపోయి, ఇద్దరు డ్రైవరుకి అటూ ఇటూ వేలాడుతున్నారు. మా మేనత్త ఆ ఆటో వైపు ఒకసారి చూసి, నా వైపు ఒకసారి చూసి, క్యారేజీ సంచి నా వెనక సీట్లో పడేసింది. కొడవలి చంకలో పెట్టుకుని, ఊతకమ్మీ పట్టుకుని ఎక్కింది.

"అత్తా" అన్నాను.

"వాడి బండి కిక్కిరిసింది, అందుకని ఎక్కా. ఇంకోటనుకోకు."

"ఏమనుకుంటానత్తా, నేను..."

"నువ్వేం మాట్లాడకు. నోరు మూసుకుని తోలు."

తోలాను. అద్దంలో చూస్తే ఆమె బయటికి చూస్తోంది. గుంటలొచ్చినప్పుడు నెమ్మది చేశాను. ఒక్క మనిషితో పోతున్నాను కాబట్టి ఆమె కూచున్న వైపు ఆటో కొంచెం ఒరిగింది. చెప్పడానికి నాకు చాలా ఉంది. మీటరు సంగతి, బీరువా సంగతి, రెండొందల నోటు సంగతి. నవ్వించే మాటలు కూడా రెండు మూడు నాలిక చివరికొచ్చాయి. వేమూరు దాకా మింగుతూనే ఉన్నాను.

దిగి, కొంగు ముడి విప్పి, ఇరవై రూపాయలు చాపింది. నేను వద్దనలేదు. తీసుకున్నాను.